కాలేయ రహస్యాన్వేషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

గత విద్యా సంవత్సరం శీతకాలంలో మా కళాశాల విద్యార్థినీ విద్యార్థులను వెంటబెట్టుకొని మేము శ్రీహరికోట దర్శించి వచ్చాము. సూళ్లూరుపేట దాటిన పిదప పులికాట్ సరస్సు నడుమగా సాగిపోయే రహదారిపై, ఇరువైపులా నీటిలో నిలిచిన ఫ్లెమింగో పక్షులను చూస్తూ చేసిన ఆ ప్రయాణం మరపురానిది. ఒకనాడు సరుగుడు తోటలతో, యానాదుల గుడిసెలతో నిండి, మద్రాసు నగరానికి వంటచెరకు పంపిన ఆ దీవి, 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అనే చిన్న రాకెట్టును నింగికి పంపి కొత్త జన్మ ఎత్తింది. 1980 జులై 18న డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారి నాయకత్వంలో రూపొందిన ఎస్.ఎల్.వి.-3 అక్కడినుండే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన సంగతి మా విద్యార్థులకు కంఠస్థమే. అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండిన ఆ దీవి 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరింది. అక్కడి యానాదులు ఆ దీవిని విడిచి వెళ్ళవలసి వచ్చిన కథ వేరొకటి కలదు. దానిని మరొక సంచికకు దాచుకొంటున్నాము.

తెలుగు బోధించే మాకు రాకెట్టు శాస్త్రంతో పరిచయం స్వల్పం. అయినను అక్కడి ఉద్యోగి ఒకరు ఓపికతో చెప్పిన మాటలు కొన్ని బోధపడ్డాయి. రాకెట్టులోని కొన్ని దశలు ఘన ఇంధనంతోను, కొన్ని ద్రవ ఇంధనంతోను మండుతాయట. ద్రవ ఇంధనాలలో హైడ్రజీన్ జాతికి చెందినది ఒకటున్నదని, అది మహావిషమని, దానిని నింపేవారు ఆపాదమస్తకం కప్పే దుస్తులు తొడుగుకొని, వేరుగా అందించిన గాలినే పీల్చవలసి ఉంటుందని ఆయన వివరించారు. డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె లేచి, ఆ విషం శరీరంలో ప్రవేశిస్తే ముందుగా ఏది చెడుతుందని ప్రశ్నించింది. ఊపిరితిత్తులు, చర్మం, నరాలు, అన్నింటితోపాటు కాలేయం అన్నారాయన. గాలిద్వారా వచ్చిన విషానికీ పొట్టలోని కాలేయానికీ సంబంధమేమిటని ఆమె మళ్ళీ అడిగింది. ఆయన చిరునవ్వుతో మా జంతుశాస్త్ర అధ్యాపకుల వైపు చూశారు. ఆ ప్రశ్నకు సమాధానం తిరుగు ప్రయాణంలో బస్సులో లభించింది. ఈ వ్యాసానికి బీజం కూడా అక్కడే పడింది.

మన ఉదరంలో కుడివైపున, ప్రక్కటెముకల చాటున, సుమారు కిలోన్నర బరువుతో ఒదిగి ఉండే అవయవం కాలేయం. మనం తిన్న ఆహారం జీర్ణమైన పిమ్మట ప్రేగులనుండి రక్తం నేరుగా దేహమంతటా వ్యాపించదు. ముందు కాలేయ నిర్వాహక సిర ద్వారా కాలేయంలోకి పోతుంది. అక్కడ అది తనిఖీ పొందిన తరువాతనే ముందుకు సాగుతుంది. అధికంగా ఉన్న చక్కెరను కాలేయం గ్లైకోజన్‌గా మార్చి నిలువ చేస్తుంది; ఉపవాస సమయంలో దానినే తిరిగి చక్కెరగా మార్చి రక్తానికి అందిస్తుంది. రంజాను మాసంలో సహరీ మొదలు ఇఫ్తారు వరకు మన మెదడు చురుకుగా పనిచేయుటకు ఈ ఏర్పాటు ముఖ్య కారణం. మాంసకృత్తుల విచ్ఛిన్నంలో పుట్టే అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగించడం, క్రొవ్వును కరిగించే పైత్యరసాన్ని తయారుచేయడం, గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టేందుకు కావలసిన పదార్థాలను సమకూర్చడం, ఇనుమును కొన్ని విటమినులను భద్రపరచడం, మందులను విషాలను విరిచి బయటికి పంపడం ఇవన్నీ దాని పనులే. విషం ఏ ద్వారం గుండా వచ్చినా చివరకు విరిచే బాధ్యత దానిదే గనుక, దెబ్బ కూడా దానికే తగులుతుంది.

ఇంతటి అవయవాన్ని మనం సరిగా పట్టించుకొనము. కన్నులు పచ్చబడితే పసరు త్రాగడం, చేతిపై వాత పెట్టించుకొనడం మా ప్రాంతపు పల్లెలలో నేటికీ మానలేదు. పచ్చకామెర్లు స్వయంగా ఒక వ్యాధి కాదు. అది ఒక సూచన. కలుషితమైన నీటివలన వచ్చిన వైరస్సు కావచ్చు, రక్తం ద్వారా సోకిన వైరస్సు కావచ్చు, పైత్యనాళంలో రాయి కావచ్చు, మద్యం కావచ్చు. కారణం తెలుసుకొనకుండా వాత పెట్టించుకొంటే మిగిలేది మచ్చ మాత్రమే.

ఇక్కడ భాషాధ్యాపకులుగా ఒక్క మాట చెప్పక తప్పదు. తెలుగు కవులు ప్రేమకు, ధైర్యానికి హృదయాన్ని స్థానంగా భావించారు. ఉర్దూ కవులు హృదయంతోపాటు జిగర్‌ను, అనగా కాలేయాన్ని, ఆశ్రయించారు. ప్రాణమిత్రుని జిగరీ దోస్త్ అంటాము. జిగర్ మురాదాబాదీ అనే సుప్రసిద్ధ కవి ఆ పదాన్నే కలంపేరుగా ధరించారు. యూనానీ వైద్యం కూడా దేహపోషణకు మూలం కాలేయమేనని భావించింది. బక్రీదునాడు మన ఇండ్లలో అన్నింటికంటె ముందు పొయ్యి మీదికెక్కేది కలేజీయే. అంగళ్ళలో దానినే కార్జం అని అడిగి పుచ్చుకొంటాము. ఈ మాటలకు బస్సులో నవ్వులు వినిపించాయి. నవ్వు సద్దుమణిగిన తరువాత మా జంతుశాస్త్ర మిత్రులు, ఒక తెలుగువాడు తన జీవితంలో అధిక భాగం ఈ కలేజీలోనే ఏదో వెదుకుతూ గడిపాడని చెప్పి, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఉచ్చరించారు. ఆ పేరు మాకు కొత్తది కాదు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం వెలువరించిన తపాలా బిళ్ళపై చూచినదే. కాని ఆయన వెదకినదేమిటో, ఆయనకు దొరకినదేమిటో అప్పటివరకు మాకు తెలియదు. ఆనాటినుండి చదివి తెలుసుకొన్నది మా విద్యార్థుల ముందుంచుతున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వలన తొందరగానే ఉద్యోగం విడువవలసి వచ్చింది. ఏడుగురు సంతానం ఉన్న ఇంట్లో దారిద్ర్యం తాండవించింది. బాలుడు సుబ్బారావుకు చదువుమీద కంటె డబ్బు సంపాదించడం మీదనే మక్కువ ఎక్కువ. పదమూడేండ్ల ప్రాయంలో ఇంటినుండి పారిపోయి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావాలని బయలుదేరాడట. దారిలోనే పట్టుబడి ఇంటికి చేరాడు. తల్లి వెంకమ్మగారు పట్టుదల గల ఇల్లాలు. తన నగలు అమ్మి కుమారుని చదివించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పారు. మూడవసారి మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణులైనారు. పరీక్ష తప్పి ఇంటిముఖం చూపలేక తిరుగుతున్న మా విద్యార్థులెవరైనా ఈ పుట చదువుతూ ఉంటే, ఈ వాక్యం మరొకసారి చదువుకొనవచ్చు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్న్యసించాలని కోరారు. తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరి అనే కన్యతో వివాహం జరిగింది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు తోడ్పడినారు. అవి స్వదేశీ ఉద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు దుస్తులే ధరించారు. శస్త్రచికిత్సాచార్యులైన ఆంగ్లేయునికి అది కంటగింపైంది. పరీక్షలు చక్కగా వ్రాసినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అర్హతతో సరిపెట్టుకొనవలసి వచ్చింది. ఒక గుడ్డ ముక్క ఆయన జీవితగతిని ఎంత దూరం మార్చిందో ముందు ముందు కనబడుతుంది.

ఆ కాలంలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. ఉష్ణదేశాలలో కనిపించే ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎండిపోయి మరణిస్తాడు. అదే వ్యాధి సుబ్బారావుగారికీ సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడినారు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్ర బోధకులుగా పనిచేశారు. సోదరులను చంపిన జబ్బేమిటి, దానికి మందేమిటి అన్న ప్రశ్న ఆయన్ను వదలలేదు. దానికి సమాధానం దొరకడానికి పాతిక సంవత్సరాలు పట్టింది. అది దొరికినచోటు కాలేయం.

1922 అక్టోబరు 26న ఆయన అమెరికాలోని బోస్టను నగరంలో దిగారు. మామగారి సహాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఆయనకు ప్రోత్సాహమిచ్చాయి. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి బయలుదేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశం లభించింది. కాని మద్రాసునుండి తెచ్చుకొన్న ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేసే అవకాశం రాలేదు. పగలు పాఠాలు విని, రాత్రులు పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే కూలిపని చేశారు. ఆయన బయలుదేరిన తరువాత స్వదేశంలో ఒక కుమారుడు జన్మించాడు. ఏడాది నిండకముందే ఆ శిశువు మరణించాడు. తండ్రి బిడ్డను చూడనే లేదు.

పిమ్మట ఆయన హార్వర్డులోనే ఆటో ఫోలిన్ ఆచార్యుల జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి పరిశోధన సాగించారు. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఉన్న భాస్వరాన్ని కొలిచే సులభ పద్ధతి ఒకటి ఇరువురూ కలిసి కనిపెట్టి 1925లో ప్రకటించారు. భాస్వరం ఎంత ఉంటే ద్రావణంలో అంత చిక్కటి నీలిరంగు వస్తుంది. ఆ నీలిని కొలిస్తే భాస్వరం తెలుస్తుంది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో తరతరాల జీవరసాయన విద్యార్థులు దీనిని ప్రయోగశాలలో చేశారు. మా కళాశాల రసాయనశాస్త్ర మిత్రులు కూడా చేసినవారే. తమ తోటి తెలుగువాని పేరు పద్ధతిలో ఉన్నదని గమనించలేదని వారు మాతో ఒప్పుకొన్నారు.

ఆ నీలిరంగే పెద్ద ద్వారం తెరిచింది. కండరం పనిచేసినప్పుడు దానికి శక్తి ఎక్కడిదన్న విషయంలో, 1922లో నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల కృషి ప్రకారం లాక్టిక్ ఆమ్లమే కీలకమని లోకం నమ్ముతున్నది. ఫిస్కే, సుబ్బారావులు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కండరంలో కనుగొన్నారు. కండరం శ్రమిస్తే అది తరుగుతుంది. విశ్రమిస్తే మళ్ళీ ఏర్పడుతుంది. 1929లో ఎ.టి.పి. అనే అణువును వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. శ్రీహరికోటలో మా విద్యార్థిని అడిగిన ఇంధనపు ప్రశ్నకు దేహంలో జవాబు ఇదే. జీవకణం చేసే ప్రతి పనికి వెచ్చించే నాణెం ఎ.టి.పి. దేహంలో ఏ క్షణాన చూచినా ఇది స్వల్పంగానే ఉంటుంది. కాని విరిగినదే తిరిగి అతుకుతూ, ఒక రోజులో మొత్తం సుమారు మన బరువంత ఎ.టి.పి. తయారై ఖర్చవుతుంది. రాకెట్టు తన ఇంధనాన్ని కొన్ని నిమిషాలలో మండించి ముగిస్తుంది. కణం నిప్పు లేకుండా, పొగ లేకుండా, నూరేండ్లు ఈ పని చేయగలదు.

1930లో ఆయనకు హార్వర్డు పిహెచ్.డి. పట్టా లభించింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం లభించలేదు. తోటి పరిశోధకుడైన జార్జి హిచింగ్స్, అనంతరం 1988లో నోబెల్ బహుమతి పొందినవారు, సుబ్బారావు వేరుచేసిన పదార్థాలు కొన్ని ఫిస్కే అసూయవలన వెలుగు చూడలేదని, వాటిని కొన్నేండ్ల తరువాత ఇతరులు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని చెప్పారు. సుబ్బారావుగారికి కూడా తన పేరు చాటుకొనే స్వభావం లేదు. ఆ స్వభావాన్ని మేము పూర్తిగా మెచ్చుకొనలేకపోతున్నాము. వినయం గొప్పదే, కాని చేసిన పని ఎవరిదో తెలియకపోతే తరువాతి తరం పిల్లలకు ఆదర్శం కరవవుతుంది.

ఇక కాలేయం సంగతి. పెర్నిషస్ ఎనీమియా అనే మొండి రక్తహీనత ఆ రోజులలో తప్పక చంపే వ్యాధి. విపుల్ అనే శాస్త్రజ్ఞుడు రక్తం తీసివేసిన కుక్కలకు కాలేయం తినిపిస్తే త్వరగా కోలుకొన్నట్లు గమనించాడు. దానిని ఆధారం చేసుకొని 1926లో బోస్టనులోనే మైనో, మర్ఫీ అనే వైద్యులు రోగులచేత రోజూ కాలేయం తినిపించి మరణముఖంనుండి తప్పించారు. ముగ్గురికీ 1934లో నోబెల్ బహుమతి లభించింది. కాని కాలేయంలో ఉన్న ఆ ప్రాణదాయక పదార్థమేమిటో ఎవరికీ తెలియదు. ప్రతిదినం పావుకిలో కాలేయం మింగడం రోగులకు నరకంగా ఉండేది. దానిని వేరుచేసి చూపాలన్న తపనతో సుబ్బారావుగారు కాలేయసారాన్ని వడకట్టి, విడగొట్టి, మళ్ళీ విడగొట్టి, ఏండ్ల తరబడి శ్రమించారు. లెడర్లీ అనే మందుల సంస్థ ఈ కృషిపై ఆసక్తి చూపింది. 1940లో ఆయన హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న ఆ సంస్థలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతియైనారు. ఒకనాడు ఆసుపత్రిలో పాత్రలు కడిగిన చేతులే అక్కడ వందలాది శాస్త్రజ్ఞుల పనికి దారి చూపాయి.

కథలో ఇచ్చట మన దేశపు స్త్రీల ప్రసక్తి వస్తుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులలో కనిపించే ఒక విధమైన రక్తహీనతను పరిశీలించారు. మిల్లు కార్మికుల వాడలలో ఎవరు ఏమి తింటున్నారో విచారించగా, పేద ముస్లిం స్త్రీల ఆహారం అన్నింటికంటె లోపభూయిష్టంగా ఉన్నదని, ఆ వ్యాధి కూడా వారిలోనే అధికమని తేలింది. శుద్ధిచేసిన కాలేయసారం వారికి పనిచేయలేదు. ముడి కాలేయం, ఈస్టు సారం పనిచేశాయి. కనుక కాలేయంలో పెర్నిషస్ ఎనీమియాను కుదిర్చే పదార్థం కాక వేరొకటి ఉన్నదని స్పష్టమైంది. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించారు. ఈ భాగం చదువుతున్నప్పుడు మాకు మా నానీమా మాటలు జ్ఞాపకం వచ్చాయి. ఆమె చెల్లెలు మూడవ కాన్పులో, పెదవులు సైతం తెల్లబారి చనిపోయిందని, ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే అలవాటు ఆమెదని నానీమా చెప్పేది. అది విధివ్రాత అని మేము చిన్నతనంలో విన్నాము. ఆ వ్రాతలో సగం పళ్ళెంలోనిదే.

ఆ వేరొక పదార్థం వెంట అనేకులు పరుగెత్తారు. 1941లో అమెరికాలో కొందరు పాలకూర ఆకులనుండి దానిని సంగ్రహించి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదంతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. సుబ్బారావుగారి సంస్థలో స్టాక్‌స్టాడ్ దానిని కాలేయంనుండి స్వచ్ఛంగా వేరుచేశారు. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి చూపింది. ఆ పరిశోధన పత్రంపై పదహారుమంది పేర్లున్నాయి. నాయకుని పేరు వారి నడుమ ఎక్కడో ఉంటుంది. టన్నులకొద్దీ కాలేయం నుండి చిటికెడు వచ్చే పదార్థం ఇప్పుడు కావలసినంత లభ్యమైంది. అనతికాలంలోనే వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. పూసిన నాలుకలు మానాయి, విరేచనాలు కట్టాయి, రక్తం వృద్ధి పొందింది. సోదరులిద్దరినీ తీసుకొనిపోయిన వ్యాధికి మందు ఆ విధంగా సుబ్బారావుగారి చేతిలోనే తయారైంది. సోదరులు పోయి అప్పటికి పాతికేండ్లు దాటింది.

కాని ఆయన వెదకినది ఇది కాదు! ఫోలిక్ ఆమ్లం పెర్నిషస్ ఎనీమియా రోగుల రక్తాన్ని బాగుచేసినను వారి నరాల క్షయాన్ని ఆపలేకపోయింది. కాలేయంలోని అసలు పదార్థం, నేడు బి-12 విటమిను అని పిలిచేది, 1948లో ఇతర సంస్థల శాస్త్రజ్ఞులకు అమెరికాలోను, ఇంగ్లండులోను చిక్కింది. అది సుబ్బారావుగారి జీవితంలోని చివరి సంవత్సరం. జీవితకాలం గాలించిన ఇంట్లో పొరుగువారికి లంకెబిందె దొరికినట్లయింది. ఆయన దీనికి ఎంత ఖేదపడినారో మేము ఊహించగలము.

ఖేదపడుతూ కూర్చునే మనిషి మాత్రం కాదు. బోస్టను బాలల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సరు పీడిత శిశువులలో ఫోలిక్ ఆమ్లం వ్యాధిని మరింత రెచ్చగొడుతున్నట్లు గమనించారు. అట్లయితే దానిని అడ్డుకొనే పదార్థం వ్యాధిని అణచవలెను గదా! సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలియుండి, దాని స్థానంలో కూర్చుని పని చెడగొట్టే అణువులను తయారుచేసి పంపింది. తాళంలో దూరి తిరగని మారుచెవి వంటివి అవి. వాటిలో అమినాప్టెరిన్ అనేదానిని పదహారుమంది పిల్లలకు ఇవ్వగా పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. 1948 జూనులో ఫార్బర్ ఈ ఫలితం ప్రకటించారు. మందుతో పిల్లల రక్త క్యాన్సరు లొంగడం అదే తొలిసారి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో భాగం. కీళ్ళవాతానికి కూడా వాడుతున్నారు. విచిత్రమేమనగా, కాలేయంలో దొరకిన పదార్థానికి మారురూపమైన ఈ మందు ఎక్కువ కాలం వాడితే కాలేయానికే హాని చేయవచ్చు. అందుచేతనే దానిని వాడేవారికి వైద్యులు మధ్య మధ్య కాలేయ పరీక్షలు చేయిస్తారు. కీళ్ళవాతపు రోగులకు వేరొక దినాన ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు.

ఆయన నాయకత్వాన వెలువడిన ఇతర ఔషధాలను ఇచ్చట వివరించుటకు తావు లేదు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ 1947లో వచ్చింది. గోదావరి, కృష్ణా తీరాలలో ఆ కాలు ఎరుగని ఊరు లేదు గనుక, ఆయన జన్మభూమికి అందిన కానుకగా దానిని భావించవచ్చు. డి.ఇ.సి. అనే పేరుతో మన ఆరోగ్యశాఖ ఇంటింటా మింగించిన మాత్ర అదే. వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ ఆ సంస్థలోనే మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ సాధించి 1948లో లోకానికిచ్చారు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది ఆద్యం.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావుగారు కన్నుమూశారు. వయస్సు యాభైమూడు. ఇరవయ్యారేండ్లు అమెరికాలో జీవించినను ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. స్వదేశానికీ తిరిగి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత బ్రతికినది ఒక్క సంవత్సరమే. శేషగిరమ్మగారు 1922లో సాగనంపిన భర్తను మళ్ళీ చూడలేదు. మహనీయుల చరిత్రలలో ఇటువంటి ఇల్లాండ్రను గూర్చి ఒక్క వాక్యంతో ముగించడం పరిపాటి. మేమూ అంతకంటె ఎక్కువ వ్రాయలేకపోవడం మా లోపంగానే భావిస్తున్నాము. 1953లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టారు. నోబెల్ బహుమతి ఆయన్ను వరించలేదు.

ఫోలిక్ ఆమ్లం కథ ఆయనతో ముగియలేదు. గర్భధారణకు ముందునుండే దానిని తీసుకొంటే శిశువు వెన్నుపాములో, మెదడులో ఏర్పడే లోపాలు బహుళంగా తగ్గుతాయని 1991లో ఒక పెద్ద పరిశీలన నిరూపించింది. మన దేశంలో 2012-13లో యౌవనదశలోని బాలబాలికలకు వారానికొక నీలిరంగు మాత్ర ఇచ్చే పథకం ఆరంభమైంది. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మా కళాశాల ఇంటర్మీడియట్ విభాగంలో ఆ మాత్రలు పంచిన మరునాడు బల్లల క్రింద, కిటికీల వెలుపల నీలిరంగు చుక్కలు కనిపించడం మేము స్వయంగా చూచినదే. ఈ ఏడు మాత్రలు వచ్చినప్పుడు పంచే పని మేమే అడిగి పుచ్చుకొన్నాము. అట్టపై అచ్చయినది తరగతికి చదివి వినిపించి, బొంబాయి స్త్రీల సంగతి, భీమవరం బాలుని సంగతి చెప్పాము. మూడవ బల్లపై కూర్చున్న విద్యార్థిని, అంతా బాగుంది గాని అది వేసుకొంటే కడుపులో తిప్పుతున్నదని ఫిర్యాదు చేసింది. పరగడుపున వద్దని, మధ్యాహ్నం భోజనం చేసిన తరువాత వేసుకొమ్మని, వెంటనే టీ త్రాగవద్దని చెప్పాము.